సీజన్ పోయిందని క్లాసు మూసేద్దామా?

ఇది కాస్త పొడుగు పోస్టు. నిన్న రాత్రి గ్రూపులో నడిచిన మాటలకు అక్కడే జవాబు ఇద్దామనుకున్నాను. కోపంలో రాస్తే మాట జారుతుందని ఆగాను. తెల్లవారి కాఫీ తాగి కూర్చుని రాస్తున్నాను. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు రాత నాకు నలభై నాలుగో ఏట వచ్చింది. ఒత్తులు తప్పితే దిద్దండి, విషయం మాత్రం పూర్తిగా చదవండి.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో మూడో అంశం మన ఆదివారం తెలుగు క్లాసు. రెండేళ్ళ కిందట 27 మంది పిల్లలతో మొదలైంది. పోయిన జూన్‌లో 15 మంది. ఇప్పుడు 8 మంది. మొన్న వాన పడిన ఆదివారం ముగ్గురే వచ్చారు. హాలు కరెంటు ఖర్చు, టీచరమ్మకు ఇచ్చే నాలుగు వేలు దండగ అని కొందరంటున్నారు. ఆ మాట నాకు కొత్త కాదు, డబ్బు లెక్క చూసేవాళ్ళకు ఆ బాధ ఉంటుంది. కానీ మన పెద్దాయన ఒకరు రాసిన సలహా చదివాక నాకు నిద్ర పట్టలేదు. పేరెందుకు, అందరూ చదివే ఉంటారు. వారి అబ్బాయి అమెరికాలో ఉంటాడు. వారు రాసింది ఇదీ: అమెరికాలో బాస్కెట్‌బాల్ టీములు సీజన్ పోయిందని తెలిస్తే ఇక పోరాడవు, కావాలనే ఓడిపోతాయి, అట్టడుగుకు పోతే మరుసటి ఏడాది మంచి ఆటగాడు దొరుకుతాడు, మనమూ రెండేళ్ళు మూసేసి తర్వాత కొత్త టీచరుతో మొదలుపెడదాం. దాని కింద పదకొండు బొటనవేళ్ళు పడ్డాయి. లెక్కపెట్టాను. గుమస్తా బుద్ధి పోదు.

అన్నగారూ, మీరు బాస్కెట్‌బాల్ మాట ఎత్తకపోయి ఉంటే నేను సమావేశంలో చేయి ఎత్తి ఊరుకునేవాణ్ణి. ఎత్తారు కాబట్టి చెప్పక తప్పదు.

ఈ ఆటతో నా పరిచయం టీవీలో మొదలైంది కాదు. పళ్ళికూడంలో దాన్ని కూడైప్పందు అనేవాళ్ళం. మా ప్రాంతం వాళ్ళకు తెలుసు, పెరియకుళంలో ఏటా మే నెలలో అఖిల భారత టోర్నమెంట్ జరుగుతుంది. చిన్నప్పుడు మా నాన్న సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. రాత్రిపూట లైట్ల కింద బ్యాంకు టీములు, మిలిటరీ టీములు ఆడుతుంటే నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. ఉద్యోగంలో చేరాక ఆడేంత ఎత్తు లేక రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో స్కోరు షీటు రాసేవాణ్ణి. టికెట్ లెక్కలు రాసిన చేత్తోనే ఫౌల్ లెక్కలు కూడా రాశాను. అందుకని ఎవరైనా ఈ ఆట పేరు చెప్పి సగం నిజం చెప్తే నా కన్ను దాని మీద పడుతుంది.

పెద్దాయన చెప్పింది సగం నిజమే. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. అమెరికాలో ఎన్‌బీఏ అని పెద్ద లీగు. 30 టీములు, ఒక్కో టీముకు సీజనులో 82 మ్యాచ్‌లు. తూర్పు నుంచి ఎనిమిది, పడమర నుంచి ఎనిమిది ప్లేఆఫ్‌కు పోతాయి. సీజను అయ్యాక కాలేజీ నుంచి, బయటి దేశాల నుంచి వచ్చే కొత్త కుర్రాళ్ళను టీములు వరసగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ముందు ఎవరు ఎంచుకోవాలో లాటరీ తీస్తారు, ఎంత ఎక్కువ ఓడితే ఆ లాటరీలో అంత ఎక్కువ అవకాశం. బలహీనుడికి చేయూత ఇద్దామని పెట్టిన పద్ధతి అది. కొందరు తెలివైనవాళ్ళు దాన్ని చూసి, అయితే ఓడిపోవడమే లాభం కదా అన్నారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ట్యాంకింగ్.

ఇప్పుడు 2016-17లో మయామీ హీట్ అనే టీము సంగతి వినండి. ఆ డిసెంబరు చివర్లో మా అమ్మాయి కాన్పుకని ఫ్లోరిడా వెళ్ళాను. ఆఫీసులో అనుమతి కాగితం తెచ్చుకోవడానికే నెలన్నర పట్టింది, ఆ కథ వేరే రోజు. అల్లుడు హీట్ అభిమాని. నేను దిగిన రోజు నుంచీ ఆయన ముఖం వాడిపోయే ఉండేది. ఆ టీముకు 2006, 2012, 2013లో మూడు ఛాంపియన్‌షిప్‌లు తెచ్చిన డ్వేన్ వేడ్, పదమూడు సీజన్ల తర్వాత ఆ వేసవిలోనే సొంతూరు షికాగో టీముకు వెళ్ళిపోయాడు. క్రిస్ బాష్‌కు రక్తం గడ్డకట్టే జబ్బు, డాక్టర్లు ఆడనివ్వలేదు. రెండేళ్ళ ముందు లెబ్రాన్ జేమ్స్ పోనే పోయాడు. మిగిలినవాళ్ళలో గోరాన్ డ్రాగిచ్, హసన్ వైట్‌సైడ్ తప్ప చాలామంది వేరే టీములు వద్దనుకున్నవాళ్ళు. దానికి తోడు, కాబోయే పెద్ద ఆటగాడనుకున్న జస్టిస్ విన్స్‌లోకు భుజం ఆపరేషన్, ఆ సీజను మొత్తం అయిపోయింది.

జనవరి 13 నాటికి 41 మ్యాచ్‌లయ్యాయి. సరిగ్గా సగం సీజను. గెలిచినవి 11, ఓడినవి 30.

అల్లుడూ వాళ్ళ స్నేహితులూ ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నది నాకు బాగా గుర్తుంది. పెద్దాయన నిన్న రాసిన మాటే. సీజన్ పోయింది, డ్రాగిచ్‌ను అమ్మేయాలి, మిగతా 41 కూడా ఓడాలి, 2017 డ్రాఫ్ట్‌లో మంచి కుర్రాళ్ళున్నారు, మొదటి ముగ్గురిలో ఒకడు మనకు దొరకాలి. పేపర్లలోనూ అదే మాట. నాకు వాళ్ళ ఇంగ్లీషు సగమే అర్థమైంది కానీ ఆ ముఖాలు అర్థమయ్యాయి. ఓడిపోవాలని కోరుకునే అభిమానుల్ని నేను మొదటిసారి చూశాను. పెరియకుళంలో ఎవడైనా ఆ మాట గట్టిగా అని ఉంటే గ్యాలరీలోంచి కిందికి దించేసేవాళ్ళు.

ఆ టీము కోచ్ ఎరిక్ స్పోల్‌స్ట్రా. వాళ్ళమ్మది ఫిలిప్పీన్స్. ఆయన 1995లో ఆ టీములో చేరింది ఆటగాడిగా కాదు. పాత మ్యాచ్‌ల వీడియోలు చూసి, ముక్కలు చేసి, కోచ్‌లకు అందించే పనికి. అంటే మనలాంటి గుమస్తా పనే. ఆ గదిలోంచి మెట్టు మెట్టు ఎక్కి 2008లో హెడ్ కోచ్ అయ్యాడు. 11-30 అన్నప్పుడు ఆయన్ను తీసేయాలని యాజమాన్యం అనలేదు, ఓడిపొమ్మనీ చెప్పలేదు. పాట్ రైలీ అని పైన కూర్చున్న పెద్దమనిషి, ఆయనా ఒకప్పుడు కోచే, డ్రాగిచ్‌ను అమ్మలేదు. అదే టీము, అదే కోచ్.

జనవరి 17న ఇంట్లో హ్యూస్టన్ మీద గెలిచారు. తర్వాత డల్లాస్. తర్వాత మిల్వాకీ. 23న గోల్డెన్ స్టేట్ వారియర్స్ వచ్చింది. ఆ ఏడాది 67 మ్యాచ్‌లు గెలిచి ఛాంపియన్ అయిన టీము, కర్రీ, డ్యురాంట్ ఇద్దరూ ఉన్నారు. ఆఖరి క్షణాల్లో స్కోరు 102-102. హీట్ టీములో డియాన్ వెయిటర్స్ అని ఒకడు, అప్పటికే రెండు టీములు వదిలేసినవాడు, దూరం నుంచి ఎగిరి మూడు పాయింట్ల బంతి వేశాడు. గడియారంలో సెకనులో పదింట ఆరు వంతులు మిగిలింది. 105-102. వెయిటర్స్‌వి ఆ రోజు 33 పాయింట్లు. అల్లుడు కేక పెడితే పసిబిడ్డ లేచి ఏడ్చింది, మా అమ్మాయి ఇద్దర్నీ కలిపి తిట్టింది. నన్నెందుకు తిట్టిందో ఇప్పటికీ తెలియదు, నేను కుర్చీలోంచి లేచానంతే.

అక్కడితో ఆగలేదు. వరసగా 13 గెలిచారు. 11-30 కాస్తా 24-30 అయ్యింది. ఓడాలని కోరుకున్న మనుషులే ప్లేఆఫ్ లెక్కలు వేయడం మొదలుపెట్టారు.

నేను ఇండియా వచ్చేశాక కూడా పొద్దున్నే ఫోనులో స్కోరు చూడటం అలవాటైంది. మార్చి మధ్యలో వెయిటర్స్ మడమ బెణికింది, ఇక ఆడలేకపోయాడు. అయినా ఈడ్చుకుంటూ వచ్చారు. ఏప్రిల్ 12, ఆఖరి రాత్రి. మనకు 13 ఉదయం. అప్పుడు నేను దిండుక్కల్‌లో డ్యూటీ. కౌంటర్ తెరిచే ముందు చూశాను. హీట్ వాషింగ్టన్ మీద 110-102తో గెలిచింది. మొత్తం 41-41. రెండో సగంలో 30 గెలుపులు, 11 ఓటములు. మొదటి సగాన్ని తిరగేసి పెట్టినట్టు.

కానీ ప్లేఆఫ్ దొరకలేదు. షికాగో బుల్స్‌కు కూడా 41-41. ఇద్దరూ ఎదురుపడిన మూడు మ్యాచ్‌లలో షికాగోవి రెండు. కాబట్టి ఎనిమిదో స్థానం వాళ్ళది. ఆ షికాగోలోనే వేడ్ ఉన్నాడు. ఇంకో సంగతి చూడండి. అదే రాత్రి షికాగో ఆఖరి మ్యాచ్ బ్రూక్లిన్ టీముతో. బ్రూక్లిన్‌కు ఇక పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. ముఖ్యమైన ఆటగాళ్ళకు విశ్రాంతి ఇచ్చి కూర్చోబెట్టింది. 112-73తో చిత్తుగా ఓడింది. అంటే ఒకడు మనకేం నష్టంలే అని చేతులు దించేస్తే దెబ్బ తిన్నది ఎక్కడో మయామీలో ఆడుతున్న మూడోవాడు. మన సంఘంలో ఎవరెవరు ఏ పనికి చేతులు దించేశారో నేను ఇక్కడ రాయను.

ఇక్కడ పెద్దాయన అడుగుతారు, ఇంత ఆడి ఏం సాధించారు, ప్లేఆఫూ లేదు, మంచి డ్రాఫ్టూ లేదు అని. సరిగ్గా అక్కడికే వస్తున్నాను. అంత గెలిచిన పుణ్యానికి డ్రాఫ్ట్‌లో హీట్‌కు వచ్చింది 14వ నంబరు, లాటరీ టీముల్లో ఆఖరిది. ఆ నంబరుకు తీసుకున్న కుర్రాడి పేరు బామ్ అడెబాయో. తర్వాత మూడుసార్లు ఆల్‌స్టార్, రెండు ఒలింపిక్ స్వర్ణాలు. హీట్ 2020లో ఫైనల్‌కు వెళ్ళినా, 2023లో ఎనిమిదో స్థానం నుంచి ఎగబాకి ఫైనల్‌కు వెళ్ళినా మధ్యలో నిలబడ్డ స్తంభం వాడే. అదే 2017లో అందరికంటే ముందు, ఒకటో నంబరుకు ఎంపికైన మార్కెల్ ఫుల్ట్జ్‌ను తీసుకున్నది ఫిలడెల్ఫియా. భుజం జబ్బుతో ఆట చెడిపోయి రెండేళ్ళు తిరక్కుండానే వాణ్ణి వేరే టీముకు పంపేశారు.

ఫిలడెల్ఫియా పేరు వచ్చింది కాబట్టి చెప్పాలి. కావాలని ఓడటాన్ని ఒక సిద్ధాంతంగా నడిపినవాళ్ళు వాళ్ళే. 2013-14లో 19 గెలుపులు, మరుసటి ఏడాది 18, ఆ పై ఏడాది 82లో 10. మధ్యలో వరసగా 26 ఓటములు కూడా ఉన్నాయి. మూడేళ్ళు టికెట్ కొన్న జనానికి ఓటమి అమ్మారు. ఎంబీడ్ లాంటి గొప్ప ఆటగాడు దొరికాడు, కాదనను. కానీ ఆ మూడేళ్ళ తర్వాత 2025 వరకు ఒక్కసారైనా ప్లేఆఫ్‌లో రెండో రౌండు దాటారా? లేదు. ఈ ఓటమి వ్యాపారం చూసి లీగే సిగ్గుపడి 2019 నుంచి లాటరీ మార్చింది. అంతకుముందు అట్టడుగు టీముకు మొదటి నంబరు దొరికే అవకాశం 25 శాతం. ఆ మార్పుతో అడుగున ఉన్న మూడు టీములకూ తలా 14 శాతమే అయ్యింది. 2024-25లో యూటా 17 గెలుపులతో లీగు అంతటికీ అడుగున నిలిచింది. దక్కింది ఐదో నంబరు. మొదటి నంబరు 1.8 శాతం అవకాశం ఉన్న డల్లాస్‌కు పోయింది.

ఇంత చెప్పాక నాకు ఎదురు నిలిచే లెక్క కూడా నేనే చెప్తాను, దాచి వాదించడం నాకు చేతకాదు. హీట్ ఆ 30-11 చూసి మురిసిపోయి వెయిటర్స్‌కు, జేమ్స్ జాన్సన్‌కు నాలుగేళ్ళ పెద్ద ఒప్పందాలు ఇచ్చింది, అవి మెడకు చుట్టుకున్నాయి. 2018 ప్లేఆఫ్ మొదటి రౌండులో హీట్‌ను 4-1తో ఓడించింది ఎవరనుకున్నారు, ఆ ఫిలడెల్ఫియానే. 2017 డ్రాఫ్ట్‌లో మూడో నంబరుకు వెళ్ళిన టేటమ్ 2024లో బోస్టన్‌కు ఛాంపియన్‌షిప్ తెచ్చాడు. ఆ 41 మ్యాచ్‌లు ఓడి ఉంటే వాడు హీట్‌కు దొరికేవాడేమో. అడెబాయో 14 దాకా మిగలడంలో అదృష్టం లేదా అంటే, ఉంది. అందుకే నేను పోరాడితే గెలుస్తాం అనడం లేదు. నా మాట వేరే.

ఓడినా ఆ అమెరికా టీములకు కింద వల ఉంది. హాలు ఎక్కడికీ పోదు. టీవీ డబ్బు వస్తుంది. ఎంత ఓడినా లీగులోంచి తీసేయరు. పైగా ఓడినవాడికి బహుమానంగా కొత్త కుర్రాణ్ణి ఇస్తారు. అన్నగారూ, మన క్లాసు రెండేళ్ళు మూసేస్తే మనకు డ్రాఫ్ట్ ఎవరు పెడతారు? ఏ లాటరీలో మనకు ఒకటో నంబరు తెలుగు టీచరు దొరుకుతుంది? ఆదివారం పొద్దున ఆ రెండు గంటలూ అబాకస్ వాళ్ళు తీసుకుంటారు, హిందీ ట్యూషన్ వాళ్ళు తీసుకుంటారు. హాలు చీరల ఎగ్జిబిషన్‌కు అద్దెకు పోతుంది, అద్దె రుచి మరిగాక ఏ కమిటీ ఆ హాలును పిల్లలకు తిరిగి ఇవ్వదు. ఇప్పుడు ఎనిమిదేళ్ళున్న పిల్ల అప్పటికి పదేళ్ళది. పదేళ్ళ పిల్ల అ ఆ దగ్గర కూర్చోవడానికి సిగ్గుపడుతుంది. బడుల్లో మన పిల్లలకు తెలుగు దొరికే దారి 2006 చట్టం తర్వాత మరీ ఇరుకైంది. తమిళం మీద నాకు ఏ కోపమూ లేదు, నాకు అన్నం పెట్టిన భాష అది, ఇప్పటికీ లెక్కలు తమిళంలోనే కూడుతాను. కానీ తెలుగు అక్షరానికి ఈ ఊళ్ళో మిగిలిన తలుపు ఆ హాలు తలుపు ఒక్కటే.

మూతబడినది మళ్ళీ తెరుచుకోవడానికి ఎంత కాలం పడుతుందో మా లైనును అడగండి. మదురై నుంచి బోడి దాకా 90 కిలోమీటర్ల మీటర్‌గేజ్. నేను తేనిలో బుకింగ్ కౌంటర్‌లో కూర్చున్నవాణ్ణి. 2010 ఆఖరుతో బ్రాడ్‌గేజ్ మార్పు కోసం బండ్లు ఆపారు. రెండు మూడేళ్ళు అనుకున్నాం. తేనికి మళ్ళీ రైలు వచ్చింది 2022 మేలో, బోడికి 2023 జూన్‌లో. నేను 2019లోనే రిటైరయ్యాను. మధ్యలో ఎంతమంది అన్నారు, బస్సులున్నాయిగా, ఆ లైను ఇంకెందుకు అని! ఆ పన్నెండేళ్ళలో పెరిగిన పిల్లలకు తేనిలో స్టేషన్ ఉందనే తెలియదు. రైలుకు వెనక ప్రభుత్వం ఉంది కాబట్టి ఎప్పటికైనా వచ్చింది. మన క్లాసుకు వెనక ఉన్నది మనమే.

ఇంకొకటి, టీచరమ్మ సంగతి. 27 మంది 8 మంది కావడానికి ఆవిడే కారణమని రాసిన ఇద్దరు ముగ్గురు ఒక్క ఆదివారమైనా వచ్చి క్లాసు చూశారా? నేను చూశాను. ఆవిడకు పాఠ్యపుస్తకాలే లేవు, మనం ఇవ్వలేదు. నల్లబల్ల సగం చెదలు తినేసింది. జూన్ తర్వాత పిల్లలు ఎందుకు తగ్గారంటే, క్లాసును తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదికి మార్చాం, ఎందుకు మార్చాం, పెళ్ళిళ్ళ బుకింగ్‌కు హాలు ఖాళీ కావాలని. ఆ తీర్మానం మీద సంతకం పెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ తప్పు నాది కూడా.

నలభై నాలుగేళ్ళ వయసులో నేను తెలుగు నేర్చుకున్నది ఇలాంటి క్లాసులోనే. అప్పటి మాస్టారు రిటైర్డ్ మనిషి, ఆయన క్లాసులో మేము నలుగురం. నలుగురి కోసం లైటు వెలిగించడం దండగ అని ఆ రోజు ఎవరైనా తీర్మానం చేసి ఉంటే ఈ పోస్టు నేను తమిళంలో రాసేవాణ్ణి. మీలో సగం మంది దాన్ని ఇంకా సులభంగా చదివేవాళ్ళు, అదీ నాకు తెలుసు.

నేను కోరేది పెద్దది కాదు. మూడో అంశాన్ని మార్చి వరకు ఆపండి. క్లాసు మళ్ళీ తొమ్మిదిన్నరకు పెట్టండి. ఆదివారం పొద్దున పెళ్ళి బుకింగ్ ఉంటే పైన చిన్న గది ఇవ్వండి, ఎనిమిది మందికి అది చాలు. మానేసిన 19 మంది ఇళ్ళ చిరునామాలు నా దగ్గర ఉన్నాయి. ఒక్కో సాయంత్రం రెండిళ్ళకు నేను వెళ్తాను, ఎవరైనా తోడు వస్తే మంచిది, స్కూటర్ ఉన్నవాళ్ళయితే ఇంకా మంచిది. మార్చిలో లెక్క చూపిస్తాను. అప్పటికీ ఎనిమిదే ఉంటే మూసేసే తీర్మానం నేనే ప్రతిపాదిస్తాను, మినిట్స్‌లో నా పేరే రాసుకోండి.

అన్నగారు కోపం చేసుకోకుండా సమావేశానికి రావాలి. వస్తూ మనవరాలిని కూడా తీసుకురండి, ఆ అమ్మాయి జూన్ దాకా క్లాసుకు వచ్చేది, గుణింతాలు అందరికంటే బాగా రాసేది. ఈ ఆదివారం ఎనిమిదికే క్లాసు ఉంది. తాళం చెవి నా దగ్గరే ఉంది, ఏడున్నరకు తెరుస్తాను. నల్లబల్లకు కొత్త పలక ఒకటి కావాలి, వడ్రంగి పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఫోను చేయండి.